ఏడ్పుకు జవాబు

జయానందం సార్ స్టూడియో అంటే గొప్పగా ఊహించుకోకండి. మెదక్‌లో ఎరువుల దుకాణం మీద ఒక రేకుల గది. గోడలకు పాత పరుపులు కొట్టి, కిటికీకి దుప్పటి కట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు. ఆదివారం చర్చిలో ఆర్గాన్ వాయించే చేతులే మిగతా రోజుల్లో మా జానపద పాటలకు కీబోర్డు వాయిస్తాయి. రికార్డింగ్ అవుతుంటే ఫ్యాను తిరగకూడదు, గాజులు వేసుకోకూడదు, వాన పడకూడదు. ఫ్యానూ గాజులూ మన చేతిలో ఉన్నవే. వాన అట్లా కాదు కదా. రేకుల మీద నాలుగు చినుకులు పడితే చాలు, సార్ హెడ్‌ఫోన్స్ మెడలోకి దించుకుని "ఇగ బంద్" అనేవాడు.

ఆ ఏడాది శ్రావణమంతా వానే.

నా పేరుతో రాబోతున్న మొదటి పాట అది. అంతకు ముందు నేను కోరస్‌లోనే ఉన్నాను. అంటే ఎవరో ముందు పాడుతుంటే వెనక నిలబడి 'ఉయ్యాలో' అనడం. ఈసారి హైదరాబాద్ చానెల్‌వాళ్ళ యూట్యూబ్‌లో 'గానం: స్నేహలత' అని పడుతుందని, పాట ముందు కనబడే బొమ్మ మీద నా ఫొటో కూడా ఉంటుందని సార్ చెప్పాడు. పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే నాటికి, పాట బయటికి రావాలి. రాకపోతే మళ్ళీ ఏడాదిదాకా దాన్ని అడిగేవాళ్ళుండరు. బతుకమ్మ పాటకు బతుకమ్మ ఉన్నన్నాళ్ళే బతుకు.

మా పాప రచన అప్పటికింకా పాలు మానలేదు. మా అత్తమ్మ నర్సాపూర్‌లో బావగారింట్లో ఉంటుంది. అందుకని ఎల్దుర్తి నుంచి మా అమ్మ వచ్చింది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. బాలనర్సమ్మ అంటే ఎల్దుర్తిలో నాట్లప్పుడు ముందు వరసలో వంగి పాట ఎత్తుకునే మనిషి. బిడ్డ ఇంట్లో రోజుల తరబడి ఉండటం ఆమెకు నామోషీ. "అల్లుని ఇంట్ల కూసోని తింటున్నదంటరే నన్ను" అనుకుంటూనే రెండు చీరలు, ఒక సంచెడు మక్కకంకులు పట్టుకుని బస్సు దిగింది.

స్టూడియోలో మొదటి చరణం పాడుతుంటే కింద మెట్ల మీద రచన ఏడుపు మొదలైంది. సార్ చెయ్యెత్తాడు.

"గీ ఏడ్పు గూడ పాటల పడ్డదమ్మా."

నా రవిక అప్పటికే తడిసింది. ఎన్ని పరుపులు కొట్టినా పిల్ల ఏడుపు తల్లికి వినబడుతుంది, విన్నాక పాలు ఆగవు. కిందికి దిగి, ఎరువుల బస్తాల పక్కన కూర్చుని పాలిచ్చాను. తాగిందాకా ఆగి అవ్వ పిల్లను భుజాన వేసుకుంది.

"పో, పోయి పాడు. దీన్ని నేను చెరువు దిక్కు తిప్పుకొస్త. గాడికెళ్ళి ఒర్రితె మీకు ఇనబడదు."

"వానొస్తదేమో అవ్వ."

"వస్తె తడుస్తం. పాట తడువది గద."

పాల సీసా కూడా పట్టుకుని వెళ్ళేది. చల్లారకుండా దాన్ని పైట కింద పొట్టకు ఆనించి పట్టుకునేది. అట్లా ఆమె పిల్లతో వీధులు తిరుగుతుంటే నేను పైన ఫ్యాను లేని గదిలో చెమటలు కక్కుతూ పాడాను. ఆ రెండు వారాలు నేనెంత సంతోషంగా ఉన్నానో చెప్తే మీరు నమ్మరు.

నా మొగుడు నగేష్‌కు రాందాస్ చౌరస్తా దగ్గర సెల్‌ఫోన్ రిపేర్ దుకాణం. ఆయన చెడ్డవాడని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. పాట సంగతి ఎత్తితే "పాడుకో, నేనేమన్న వద్దన్ననా?" అనేవాడు. వద్దనకపోవడమే ఆయన చేసిన సాయం. పిల్లను ఒక గంట పట్టుకొమ్మంటే మాత్రం చేతుల్లో ఎవరిదో ఫోన్ విప్పి ఉండేది, స్క్రూలు పోతాయనేవాడు.

ఒక శనివారం వాన తెరిపిచ్చేదాకా కాచుకుని కూర్చోవడంతో రెండో చరణం అయ్యేసరికి ఎనిమిది దాటింది. ముగ్గురం ఆటోలో ఇంటికొచ్చాం. మాది పై వాటా. తలుపు లోపల గొళ్ళెం పెట్టి ఉంది. టీవీలో క్రికెట్ నడుస్తోంది. కొట్టాను, పిలిచాను, ఫోన్ చేశాను. లోపల ఫోన్ మోగడం బయటికి వినబడింది.

"అల్లుడా, జర తలుపు తియ్యుండ్రి. పిల్ల తడిసింది," అన్నది అవ్వ.

టీవీ శబ్దం ఇంకాస్త పెరిగింది.

మెట్ల మీద కూర్చున్నాం. అవ్వ కొంగు విప్పి పిల్లను చుట్టి ఒళ్ళో వేసుకుంది. నా తలను కూడా తన మోకాలి మీదికి లాక్కుంది. కింది వాటా ఆవిడ బయటికొచ్చి చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయింది. ఆ ఇన్నింగ్స్ అయిపోయిందేమో, చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"నిద్రవట్టింది," అన్నాడు నగేష్. కళ్ళలో నిద్ర జాడ లేదు. "అన్నం ఎప్పుడు తినాలె మరి?"

నేను నోరు విప్పబోతే అవ్వ నా చెయ్యి నొక్కింది. తనే పోయి స్టవ్ వెలిగించింది. ఆయన తిని పడుకున్నాక గిన్నెలు కడుగుతూ నాతో అన్నది.

"గీ ముచ్చట గా మెట్ల మీదనే ఇడిసిపెట్టు బిడ్డా. మీ అన్నకు తెలిస్తె లొల్లయితది. మొగోడు పొద్దంత దుకాణంల కూసోని అలసిపోతడు."

"నేను అలసిపోనా అవ్వ?"

"నువ్వు పాడినవ్. పాడితె అలుపు పోతది గని వస్తదా?"

కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. మోకాళ్ళ లోతు బురదలో పొద్దంతా పాడిన మనిషికి పరుపుల గదిలో ఒకే ముక్కను ఇరవైసార్లు పాడటం ఎట్లా ఉంటుందో చెప్పలేక ఊరుకున్నాను. ఆ తలుపు సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

మూడో చరణం ఒక్కటి మిగిలింది. సార్ రోజూ ఫోన్ చేసి ఒకటే చెప్పేవాడు. "చల్లటి నీళ్ళు తాగకు చెల్లె. గట్టిగ ఒర్రకు. గొంతును పాలగిన్నె లెక్క చూస్కో." ఈలోగా ముసురు పట్టింది. వాన తగ్గేదాకా రికార్డింగ్ ఎట్లాగూ లేదని అవ్వ రెండు రోజులు ఎల్దుర్తి పోయి వస్తానంది. బస్సెక్కుతూ రచన చేతిలోంచి తన కొంగు విడిపించుకోవడానికి పెద్ద యుద్ధమే చేసింది.

వాన తగ్గలేదు, పెరిగింది. చెరువులు అలుగులు దుంకాయి, రోడ్లు తెగిపోయాయి, కరెంటు పోయింది. రెండో రోజు పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు.

"లతా, అవ్వ లేస్తలేదు."

అంతే అన్నాడు. రాత్రి అన్నం తిని, బర్రెకు గడ్డేసి పడుకుందట. గుండె ఆగిపోయి ఉంటుందన్నారు. దవాఖానకు తీసుకుపోయే పని కూడా పెట్టలేదు మా అవ్వ.

వాగు దాటలేక చుట్టూ తిరిగి, నీళ్ళలో బండి తోసుకుంటూ, నగేష్ నన్నూ పాపనూ ఎల్దుర్తి చేర్చాడు. వాకిట్లో వాన పడకుండా తాటిపత్రి కవరు కట్టి, దాని కింద అవ్వను పడుకోబెట్టారు. మొఖం మామూలుగానే ఉంది. నేను పోయి కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

మా వైపు చావింట్లో ఏడుపు ఒక్కరిది కాదు. ఒకరు మెడ మీద పడి శోకం అందుకుంటే, రెండోవాళ్ళు దానికి జవాబు అందుకోవాలి. దానికి ఒక రాగం ఉంటుంది, మాటలు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఆ మాటల్లో ఏదైనా రావచ్చు. అత్త పెట్టని అన్నం, అన్న కొనని చీర, మొగుడు కొట్టిన దెబ్బ. ఎంత పెద్ద మాట వచ్చినా దినాలయ్యాక ఎవరూ దాన్ని ఎత్తరు. ఎత్తితే ఎత్తినవాళ్ళనే తప్పుపడతారు. ఏడాదికి సరిపడా దాచుకున్న మాటల్ని ఆడవాళ్ళు అక్కడ కక్కేసి, కళ్ళు తుడుచుకుని, పోయి వంట చేసుకుంటారు.

నేను మాత్రం నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. కన్నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతు తెరవలేదు. సార్ మాటలు చెవుల్లో ఉన్నాయి. ఒర్రకు చెల్లె, ఒర్రకు. తల్లి శవం ముందు కూర్చుని చరణం గురించి ఆలోచించావా అని మీరడిగితే, ఆలోచించాను. అవ్వ తడుస్తూ తిరిగింది ఆ చరణం కోసమే కదా.

అప్పుడు దానమ్మ వచ్చింది. అవ్వతో నలభై ఏళ్ళు ఒకే గెట్టు మీద సద్ది తిన్న మనిషి. వచ్చీ రావడంతోనే నా మెడ మీద పడింది.

"నీ అవ్వ నన్నిడిసి పాయెనే బిడ్డో... ఇగ నా వరసల ఎవ్వరు వంగుతరే బిడ్డో..."

అంత బరువూ నా భుజాల మీద వేసి, జవాబు కోసం ఆగింది. వాకిలంతా ఆగింది. నేను గొంతు తెరిచాను.

"ఓ నా అవ్వో... నన్ను గన్న తల్లో...
నా పిల్లనెత్తిన చేతులు ఏడ దాసినవే అవ్వో
సల్లవడ్డ పాలను నీ పొట్టకానిచ్చి ఎచ్చజేస్తివే తల్లో
మొగడు గొళ్ళెం బెడితె మెట్ల మీద నీ ఒడి పరిస్తివే అవ్వో
ఇగ తలుపు తియ్యకుంటె నేనెవ్వల ఒళ్ళె కూసుందునే తల్లో"

ఇంకా ఎన్నో అన్నాను. అన్నీ గుర్తు లేవు. గుర్తు లేవన్నది కూడా అబద్ధమే, తర్వాత ఊరంతా కలిసి నాకు గుర్తు చేసింది. వచ్చిన ప్రతి మనిషి మెడ మీద పడి, చితి దగ్గరికి తీసుకుపోయేదాకా ఏడ్చాను. నగేష్ బయట మగవాళ్ళతో కట్టెల దగ్గర ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. విన్నా అక్కడ అన్న మాటను అక్కడే వదిలేయడం అందరికీ తెలిసిన మర్యాదే.

మా చిన్నమ్మ, అంటే అవ్వకు ఒక్కగానొక్క చెల్లె, భీవండిలో ఉంటుంది. రోడ్లూ రైళ్ళూ తెగిపోయి రాలేకపోయింది. "నా అక్క మొఖమన్న సూపియ్యుండ్రి" అని ఫోన్‌లో ఒకటే ఏడుపు. వీడియో కాల్ కలవకపోతే మా వదిన రాజమణి ఫోన్‌లో తీసి పంపింది. వదిన నా ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడటం నేను చూశాను. చూసి మంచి పనే చేస్తోందనుకున్నాను.

ఆ వీడియో చిన్నమ్మకు చేరింది. అక్కను ఒక్కతే ఎట్లా చూసుకుంటుంది? వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది, 'మా అక్క' అని రాసి. అక్కడి నుంచి ఎవరెవరి చేతులు మారిందో తెలియదు గానీ, దినాలు గడిచేలోగా లక్షలమంది చూశారు. కోరస్ పాటల్లో చూసినవాళ్ళెవరో నన్ను గుర్తుపట్టి 'సింగర్ స్నేహలత శోకం' అని పేరు పెట్టారు. మొత్తానికి పేరు పడింది.

నాకీ సంగతులేవీ తెలియవు. ఎల్దుర్తిలోనే ఉన్నాను. గొంతు పూర్తిగా పోయింది, గుసగుస కూడా రావడం లేదు. రచన అవ్వ పడుకునే మంచం కింద వెతికి, తలుపు వెనక వెతికి, నా దగ్గరికొచ్చి ఖాళీ చేతులు చూపించేది. దినాల నాడు నగేష్ వచ్చాడు. అందరితో మాట్లాడాడు, నాతో తప్ప. మెదక్‌లో ఇంటికి చేరాక, చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాడు.

"మొన్న చేగుంటాయన ఒకడు ఫోన్ తెచ్చిండు. స్పీకర్ పోయిందని. కొత్తది ఏసిన. ఏసినంక సౌండ్ చూడాలె గద. వాని గ్యాలరీల ముందున్న వీడియో నొక్కిన."

మోకాలి మీది బురదను గోటితో గీకాడు.

"మస్తు క్లియర్ వచ్చింది సౌండు."

నాకు అర్థం కాలేదు. ఆయన తన ఫోన్ తీసి చూపించాడు. అవ్వ కాళ్ళు, దానమ్మ వీపు, నా నోరు. నేను ఆపేశాను.

"శోకంల అన్న మాటలు ఎవ్వలు పట్టుకోరు," అన్నాను. గొంతు రేకు గీకినట్టు వచ్చింది.

"అది మీ వాకిట్ల. ఇది ఫోను."

"నేను పెట్టలేదు."

"తెలుసు. నిన్ను నేనేమన్న అన్ననా?" లేచి చెప్పులు విప్పాడు. "దుకాణంల నలుగురున్నరు. వాండ్లు గూడ ఏమనలే. గా గొళ్ళెం ముచ్చట మీ అవ్వకు, నాకు, నీకు తప్ప ఎవ్వలకు తెల్వకుండె, లతా."

కొట్టినా తిట్టినా నేను తిరగబడేదాన్ని. ఆయన మొఖం చిన్నపిల్లవాడి మొఖంలా అయిపోయింది. ఆ రోజు ఆయన మీద జాలిపడ్డాను, జాలిపడ్డందుకు నా మీద నాకే మండింది. నా తల్లి పోయింది, ఓదార్పు మాత్రం ఆయనకు కావాల్సి వచ్చింది.

ఆ తర్వాత నగేష్ పిల్లను ఎత్తుకోవడం మొదలుపెట్టాడు. దుకాణానికి తీసుకుపోయేవాడు, చౌరస్తాలో చాయ్ తాగుతూ కూడా చంకలోంచి దింపేవాడు కాదు, కూరగాయలకు కూడా తనే ఎత్తుకుపోయేవాడు. నలుగురూ చూడాలి. ఇంట్లోకి రాగానే గడప లోపల దించేసేవాడు. రచన ఆయన ప్యాంటు పట్టుకుని చేతులు చాపితే "నాకు పనున్నది" అనేవాడు. బజారులో తండ్రి దొరికాడు నా బిడ్డకు, దానికే మురిసిపోయేది.

బయటికి పోతే నన్ను గుర్తుపట్టేవాళ్ళు. కిరాణా దుకాణంలో ఒకావిడ నా చేతులు పట్టుకుని "ఎంత మంచిగ ఏడ్సినవ్ అక్కా, మూడుసార్లు చూసిన" అన్నది. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. ఆమెను ఏమనాలి?

పెత్రమాస దగ్గర పడింది. గొంతు వచ్చింది గానీ ఒక చోట చీలిక మిగిలింది. జయానందం సార్ ఇంటికొచ్చాడు. చాయ్ చల్లారిపోయేదాకా గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు.

"చెల్లె, చెప్పలేక చెప్తున్న. హైదరాబాద్‌ల చానెలోళ్ళు ఫోన్ చేసిండ్రు. బతుకమ్మ పాట తర్వాత చూద్దమంటుండ్రు. ఇప్పుడు గా అమ్మ పాట కావాల్నట."

"ఏ అమ్మ పాట సార్?"

ఆయన తల వంచుకున్నాడు. "గదే. ఎల్దుర్తిది. దాంట్ల వాన సప్పుడు, వేరేటోళ్ళ ఏడ్పు ఉన్నది గద. స్టూడియోల నీట్‌గ పాడితె, వెనుక ఫ్లూట్ వేసి రిలీజ్ చేస్తరట. పేరు నీదే. పెద్దగ వేస్తరట."

నేను మాట్లాడకముందే నగేష్ అందుకున్నాడు.

"పాడనీయుండ్రి సార్. గా గొళ్ళెం మాట తీసేసి పాడితె అయిపాయె. ఇదే అసలుదని అందరు దీన్నే చూస్తరు. పాతది మర్చిపోతరు."

"గా మాట ఉంచుమంటుండ్రు నగేషన్నా. దానికే ఎక్కువ కామెంట్లు వచ్చినయట."

ఇద్దరూ నావైపు చూశారు. మా అవ్వ బూడిద ఇంకా నాని మట్టిలో కలిసిందో లేదో, ఆమె మీది ఏడ్పులో ఏ మాట ఉంచాలి, ఏ మాట తీయాలి అని మా ఇంట్లో పంచాయతీ నడుస్తోంది.

ఛీ అని లేచిపోయానని చెప్తే బాగుండేది. లేవలేదు. వెళ్ళాను. నాకు పేరు కావాలి. పిల్లను కన్నంత మాత్రాన ఆ ఆశ చచ్చిపోదు, తల్లి చచ్చిపోయినా చావదు. అది నాకు ఆ వారంలోనే తెలిసింది. ఆ రోజు నగేష్ తనంతట తనే పిల్లను ఉంచుకుంటానన్నాడు. ఇంట్లోనే, ఎవరూ చూడని చోట. "గా మాట తియ్యి" అని మాత్రం గుమ్మం దాకా వచ్చి చెప్పాడు.

ఆ రోజు వాన లేదు. గాజులు తీసి పక్కన పెట్టాను. సార్ ఫ్యాను ఆపాడు, చెవుల్లోకి శ్రుతి వదిలాడు. కళ్ళు మూసుకుని అందుకున్నాను.

"ఓ నా అవ్వో..."

మొదటిసారికే పడింది. శ్రుతి ఎక్కడా జారలేదు. ఆ చీలిక ఉన్నచోట గొంతు విరిగితే అదీ అందంగానే విరిగింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ సాగదీయాలి, ఏ మాటకు మైక్ నుంచి కొంచెం వెనక్కి జరగాలి, అన్నీ నాకు తెలుస్తున్నాయి. మూసిన కళ్ళలో ఒక్క చుక్క లేదు. గొళ్ళెం మాట దగ్గరికొచ్చాను. ఉంచాలా, తీయాలా? ఆలోచిస్తున్నాను, ఆలోచిస్తూనే పాడుతున్నాను. అంత చక్కగా పాడుతున్నాను.

"మస్తు వచ్చింది చెల్లె," అన్నాడు సార్. అంటూనే నాలుక కరుచుకున్నాడు.

వినిపించమన్నాను. విన్నాను. అందులో మా అవ్వ లేదు. అది మంచి పాట, ఎవరైనా నేర్చుకుని పాడుకోవచ్చు.

"తీసెయ్యుండ్రి సార్."

ఆయన తీసేశాడు. "పైనోళ్ళకు గొంతు రాలేదని చెప్త," అన్నాడు. ఇంటికొచ్చేసరికి రచన నిద్రపోతోంది, నగేష్ పక్కన కూర్చుని విసురుతున్నాడు. ఏమైందని అడిగాడు. పాడలేదన్నాను. విసనకర్ర పక్కన పెట్టి దుకాణానికి వెళ్ళిపోయాడు.

నాకు గొంతు రాలేదనగానే చానెల్‌వాళ్ళు నా బతుకమ్మ పాటను ఎవరో చేగుంట అమ్మాయితో పాడించారు. మంచి గొంతు ఆ పిల్లది. పెత్రమాస నాటికి వచ్చింది. మెదక్‌లో ఏ వీధిలో మైకు పెట్టినా అదే, నేను 'ఉయ్యాలో' అని కూడా అనని నా పాట.

అవ్వ నెల మాసికం సద్దుల బతుకమ్మకు, అంటే ఆఖరి బతుకమ్మకు, ముందు పడింది. ఆడబిడ్డలంతా సంచులు పట్టుకుని తల్లిగారిళ్ళకు పోయే రోజులవి. మేమూ ఎల్దుర్తి బస్సెక్కాం. ఊరంతా తంగేడు పూలు, మైకులు. మా ఇంట్లో పండుగ లేదు. మా వాకిట్లో దానమ్మ, వదిన, ఇంకో పదిమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నగేష్ పిల్లను చంకనేసుకుని పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం చిన్నమ్మ దిగింది, భీవండి నుంచి. అవ్వ పోయాక రావడం ఇదే. అచ్చం అవ్వ నడక. ఆమెను చూడగానే, అప్పటిదాకా బిగబట్టిందంతా ఇప్పుడు పోతుంది, ఈమె మెడ మీద పడి ఏడుస్తాను, నా అవ్వను నాకు నేను ఏడ్చుకుంటాను అనుకున్నాను. ఎదురు పోయాను. చిన్నమ్మ సంచి జారవిడిచి నా మెడ చుట్టేసుకుంది.

"ఓ నా అక్కో... నన్ను సాకిన తల్లో...
పిల్లలనెత్తిన చేతులు ఏడ దాసినవే అక్కో
సల్లవడ్డ పాలను నీ పొట్టకానిచ్చి ఎచ్చజేస్తివే తల్లో..."

నా మాటలు. నా రాగం. నేను ఊపిరి తీసుకున్న చోటే ఆమె ఊపిరి తీసుకుంటోంది. నెలరోజులుగా, పరాయి ఊరిలో ఒక్కతే కూర్చుని, అక్క మొఖం కోసం ఆ వీడియో ఎన్నిసార్లు పెట్టుకుందో. ఆమెకు అక్క మీద ఏడ్పంటే ఇక అదే. గొళ్ళెం మాట దగ్గరికొచ్చి, గుంజ దగ్గర నిలబడ్డ అల్లుణ్ణి చూసి, ఒక్క క్షణం తడబడి, దాన్ని దాటేసి కింది మాట అందుకుంది. నగేష్ తల దించుకున్నాడు. వాకిట్లో కూర్చున్నవాళ్ళ పెదవులు కూడా కదులుతున్నాయి. అందరికీ వచ్చు.

చిన్నమ్మ ఆగింది. జవాబు నాది. ఆమె కన్నీళ్ళు నా మెడ మీద వేడిగా కారుతున్నాయి. నేను వెతుక్కున్నాను. ఏ మాట పట్టుకున్నా అది ముందే వాడేసిన మాట, లక్షలమంది విన్న మాట. అవ్వకని నా దగ్గర విడిగా ఒక్క మాట మిగల్లేదు.

అప్పుడు నగేష్ చంకలోంచి రచన గొంతు వినబడింది.

"ఓ... అవ్వో..."

సాగదీసి, రాగం తప్పకుండా అన్నది. నా బిడ్డ పాడిన మొదటి పాట. పాడి, తన రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టుకుని, బాగుందా అన్నట్టు నా వైపు చూసింది.

"మల్ల," అన్నది నాతో. మళ్ళీ పాడమని.

చిన్నమ్మ ఇంకా నా మెడ మీదే ఉంది. వాకిలంతా నా నోటి వైపు చూస్తోంది.